మోతీ కాలి గోరు

పిల్లలూ! మీ ఇంట్లో కుక్క ఉందా? పోనీ, పిల్లి ఉందా? ఉంటే దాని నాలుగు కాళ్ళకూ కలిపి ఎన్ని గోళ్ళుంటాయో చెప్పండి చూద్దాం. ఇరవై అంటారు చాలామంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ముప్ఫయి ఏళ్ళు పాఠాలు చెప్పాను గాని ఒక్కసారైనా లెక్కపెట్టి చూడలేదు. సాధారణంగా కుక్కకైనా పిల్లికైనా ముందు కాళ్ళకు అయిదేసి, వెనక కాళ్ళకు నాలుగేసి, మొత్తం 18 గోళ్ళుంటాయి. వాటిలో ఒకే ఒక్క గోరు నాకు నేర్పిన పాఠం మీకు చెబుతాను.

మాది అనకాపల్లి. బెల్లానికి పేరుపడిన ఊరు. నా చిన్నతనంలో పల్లెల నుంచి బెల్లం ఎడ్లబళ్ళ మీద వచ్చేది. ఎడ్లకు లాడాలు కొట్టే మనిషి ఒకడుండేవాడు. అతను ఎద్దును తాళ్ళతో పడుకోబెట్టి, గిట్టను చెక్కి, ఇనప లాడం ఆనించి మేకులు కొట్టేవాడు. గిట్ట రెండుగా చీలి ఉంటుంది గనక కాలికి రెండేసి లాడాలు. మేకు దిగుతుంటే నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. ఎద్దు మాత్రం అరిచేది కాదు.

"దానికి నొప్పి లేదా?" అని ఒకరోజు అడిగాను.

"గోరు తీసుకుంటే నీకు నొప్పి పుడుతుందా, బాబూ? ఇదీ అంతే. కాని బతికిన చోటికి మేకు పోయిందా, ఎద్దు కాలు కింద పెట్టదు," అన్నాడతను.

అతను చెప్పింది అక్షరాలా నిజం. గిట్టలు, గోళ్ళు, వెంట్రుకలు అన్నీ కెరాటిన్ అనే పదార్థంతో తయారవుతాయి. అందులో రక్తం లేదు, నరాలు లేవు. అయితే కుక్క గోరు మన గోరులాగా పలచని రేకు కాదు. వంగిన చిన్న కొమ్ములాగా ఉంటుంది. దాని లోపల కొంత దూరం వరకు రక్తనాళాలూ నరాలూ ఉంటాయి. అదే బతికిన చోటు. తెల్లని గోరులో అది గులాబిరంగు గీతలాగా పైకి కనిపిస్తుంది. నల్లని గోరులో కనిపించదు.

అంత చిన్నప్పుడే విన్న ఈ సంగతిని నేను పెద్దయ్యాక మరిచిపోయాను.

నేను హెడ్మాస్టరుగా రిటైరయిన తరవాత మా మనవరాలు ఒక కుక్కపిల్లను తెచ్చి నాకు అప్పగించింది. పేరు మోతీ. గోళ్ళన్నీ నల్లనివి. వీధికుక్కలు రోజంతా రోడ్ల మీద తిరుగుతాయి గనక వాటి గోళ్ళు చాలావరకు వాటంతట అవే అరిగిపోతాయి. మోతీ ఇంట్లో నున్నని గచ్చు మీద తిరిగేది. కొన్నాళ్ళకు అది నడుస్తుంటే టక్ టక్‌మని చప్పుడు రాసాగింది. గోళ్ళు పెరిగాయనటానికి అదే గుర్తు. అలాగే వదిలేస్తే గోరు నేలకు తగిలి వేలిని పైకి నెడుతుంది. కుక్క నడక మారిపోతుంది, కీళ్ళు నొప్పి పెడతాయి.

"ఈ మాత్రం పనికి ఇంకొకరెందుకు?" అని నేను నా గోళ్ళు తీసుకునే కత్తెర తెచ్చి, మోతీ కాలు గట్టిగా పట్టుకుని, నొక్కాను. మోతీ కెవ్వున అరిచింది. నా చేతినిండా రక్తం. మోతీ మంచం కిందికి దూరి రాత్రిదాకా బయటికి రాలేదు.

అది మొదలు నేను చెయ్యి చాపితే చాలు, మోతీ కాలు వెనక్కి లాక్కునేది. నాకు కోపం వచ్చింది. "సరే, నీ గోళ్ళు నీవే!" అని ఊరుకున్నాను. అది నేను చేసిన రెండో తప్పు, మొదటిదానికన్నా పెద్దది.

నాలుగైదు నెలలకు మోతీ కుంటసాగింది. ముందు కాలికి లోపలి వైపున, కాస్త పైగా, బొటనవేలులాంటిది ఒకటుంటుంది. దాని గోరు నేలకు తగలదు. అందుచేత అరగదు. మోతీకి ఆ గోరు ఉంగరంలాగా గుండ్రంగా తిరిగి కండలో దిగిపోయింది. పుండు పడి చీము పట్టింది. ఎన్నాళ్ళ నుంచి బాధపడుతున్నదో, పాపం! నోరు లేని జీవం, చెప్పలేదు. నేను చూడలేదు.

ఆటోలో పశువుల ఆస్పత్రికి తీసుకుపోయాను. అక్కడ మోతీని పట్టుకున్న సహాయకుడు నన్ను చూసి, "నమస్కారం, మాస్టారూ!" అన్నాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. అతను మోతీ కాలు నిమురుతూ నవ్వి, "సోమవారం సోమవారం మీరు మా గోళ్ళు చూసేవారు కదండీ. మీ చేతిలో బెత్తం చూసి నేనూ ఇలాగే చెయ్యి వెనక్కి దాచుకునేవాణ్ణి. మా ఇంట్లో కత్తెర ఉండేది కాదండి," అన్నాడు.

అతని మాటలో కోపం లేదు. కాని నేను తలెత్తలేకపోయాను. ఎందుకు గోళ్ళు తీసుకోలేదని అతన్ని ఒక్కసారైనా అడగలేదు నేను.

డాక్టరమ్మ మత్తు సూది వేసి, గోరును రెండుగా కత్తిరించి, కండలోని ముక్కను మెల్లిగా లాగి, పుండు కడిగి మందు వేసింది. మిగతా గోళ్ళలో ఒక్కటి మాత్రం కొనను కొద్దిగా కత్తిరించి, "ఇవాళ్టికి చాలు," అన్నది.

"అన్నీ ఒకేసారి కానివ్వండి, అమ్మా," అన్నాను.

"గోళ్ళు రేపయినా తీయవచ్చునండి. భయం పట్టుకుంటే పోగొట్టటం కష్టం," అన్నదామె.

ఆమె చెప్పిన పద్ధతి ఇది. మొదటి వారం కత్తెర ముట్టుకోకూడదు. రోజూ కాలు నిమిరి, ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. ("మా ఊరి బెల్లం పెట్టకూడదా?" అంటే, వద్దన్నది!) రెండో వారం కత్తెర చూపించాలి, అంతే. తరవాత రోజుకొక గోరు. దానికి కుక్కల కోసం చేసిన పదునైన కత్తెరే వాడాలి. మన కత్తెర ఆ గుండ్రని గోరును నలిపి చీలుస్తుంది. నల్లని గోరును పలచగా కొంచెం కొంచెంగా తీస్తూ, కోసిన చోట నడుమ నల్లని చుక్క కనపడగానే ఆపాలి. ఇంకొక వింత: తరచు కొద్దికొద్దిగా తీస్తుంటే లోపలి బతికిన చోటు కూడా క్రమంగా వెనక్కి తగ్గుతుంది!

పిల్లి సంగతి వేరు. అది గోళ్ళను లోపలికి ముడుచుకుంటుంది. వేలిని మెల్లిగా నొక్కితే గోరు బయటికి వస్తుంది. కొన మాత్రమే తీయాలి. పిల్లి చెక్కను గీరితే కొట్టకండి. గోరు మీది పాత పొరను అలా వదిలించుకుంటుంది. గోనె చుట్టిన దుంగ ఒకటి ఇవ్వండి. ముసలి పిల్లులు అంతగా గీరవు గనక వాటి గోళ్ళు మరీ జాగ్రత్తగా చూడాలి.

విశాఖపట్నంవంటి నగరాలలో ఈ పనే వృత్తిగా చేసేవారున్నారు. అది చిన్న పని అనుకోకండి. మీరు మాత్రం కత్తెర పట్టవద్దు. అది పెద్దలూ డాక్టర్లూ చేయవలసిన పని. కుక్కగాని పిల్లిగాని కరిచినా గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి పెద్దలకు చెప్పండి. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. గాయం చిన్నదేనని దాచకండి.

మోతీ నన్ను నమ్మటానికి మూడు నెలలు పట్టింది. ఒకనాటి సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని ఉండగా అది వచ్చి, తనంతట తానే కాలు నా మోకాలి మీద పెట్టింది. ఆ రోజు నేను కత్తెర తీయలేదు. ఊరికే ఆ కాలు పట్టుకుని కూర్చున్నాను.

ఇవాళ ఇంటికి వెళ్ళగానే మీ కుక్క కాళ్ళు ఒకసారి చూడండి. ఆ పైనున్న గోరు మరిచిపోకండేం!