ఇంట్లో రెండో షుగర్ పేషెంటు

కుక్కకు షుగర్ అని చెప్పగానే ఎవరూ నా మొహం చూడరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రసగుల్లా ఎవరు పెట్టారు? కోడలు మామగారి వైపు, మామగారు మనవడి వైపు, మనవడు బల్ల మీద నిలబడ్డ కుక్క వైపు. ఆ పంచాయితీ తెగేదాకా ఇన్సులిన్ మాట ఎత్తి లాభం లేదు. రసగుల్లాది తప్పు కాదని ఒప్పించడానికే నాకు సగం సమయం పోతుంది.

హౌరాలో ఖరగ్‌పూర్ వైపు లోకల్ ఎక్కితే వచ్చే మొదటి స్టేషన్ టికియాపారాలో నా క్లినిక్. అటు రైల్వే కార్ షెడ్, ఇటు బెలీలియస్ రోడ్డు వెంట లేత్ మిషన్ల చప్పుడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు మనుషులు ఈ లైను పట్టుకుని వచ్చి స్థిరపడ్డారు. రిటైరై కూడా సొంతూరు వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయినవాళ్ళు బోలెడుమంది. తెలుగు మాట్లాడే పశువుల డాక్టరున్నాడని సంత్రాగాచి నుంచీ, రామరాజాతలా నుంచీ వస్తుంటారు. నాతో తెలుగు, పక్కవాళ్ళతో బంగ్లా, కుక్కతో మాత్రం హిందీ. కుక్కకు తెలుగు ఎందుకు రాదనుకుంటారో నాకు అంతుబట్టలేదు.

ఈ ఇళ్ళలో చాలావాటిలో షుగర్ ముందే ఉంటుంది. తాతగారికో, బామ్మగారికో, ఇద్దరికీనో. అలాంటి ఇంట్లో కుక్కకు వైద్యం తేలికని ఎవరైనా అనుకుంటారు. సూది పట్టడం వచ్చు, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది, అలమరలో గ్లూకోమీటర్ ఉంది. కానీ నన్ను ఎక్కువ తిప్పలు పెట్టేది ఆ ఇళ్ళే. ఏమీ తెలియని మనిషి చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ఇరవై ఏళ్ళుగా షుగర్‌తో కాపురం చేస్తున్న మనిషి మాత్రం తనకు పనికొచ్చిందే కుక్కకూ చేస్తాడు.

రాణి అనే తెల్ల స్పిట్జ్‌ని తెచ్చిన పెద్దాయన అలాంటివారే. రిటైర్డ్ గార్డు. 2022 నుంచి రైల్వే ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటోంది గానీ ఆయన ఒప్పుకోరు, గార్డు గార్డే అంటారు. పార్వతీపురం దగ్గర ఊరు.

"నీల్లు తెగ తాగేస్తంది బాబూ. గిన్ని ఎట్టడం, కాలీ చేసీడం. తిండీ బాగానే తింటంది. ఒల్లు మాత్రం కరిగిపోతంది."

ఇక నేను అడగాల్సిందేముంది? దాహం, మూత్రం, ఆకలి పెరిగి, ఒళ్ళు మాత్రం తగ్గడం. మధ్యవయసు దాటిన కుక్కలో ఈ నాలుగూ కలిస్తే మొదటి అనుమానం షుగరే. ఆయన భార్య మెల్లిగా ఇంకోటి చేర్చారు. వెనక వరండాలో అది మూత్రం పోసిన చోట చీమలు బారులు కడుతున్నాయట. మన పాతకాలపు వైద్యులు మనుషుల్లో గమనించిన గుర్తే ఇది. నా స్ట్రిప్ కంటే ముందే ఆవిడ చీమలు పరీక్ష చేసేశాయి.

అయినా దాహమంతా షుగర్ కాదు. కిడ్నీ పాడైనా తాగుతాయి, అడ్రినల్ గ్రంథి ఎక్కువ పనిచేసే కుషింగ్స్ జబ్బులోనూ తాగుతాయి. ఆపరేషన్ కాని ఆడకుక్క అయితే గర్భసంచిలో చీము పట్టినా అంతే. అందుకని ముందు కొలవమంటాను. పొద్దున ఒక లీటరు సీసాతో గిన్నె నింపండి, మర్నాడు పొద్దునదాకా ఎంత పోశారో రాయండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే అది ఎండల దాహం కాదు. రాణి బరువు 8 కిలోలు. గార్డుగారు డ్యూటీ డైరీలా గీతలు కొట్టిన నోటుబుక్కు తెచ్చారు: లీటరున్నర.

పరగడుపున రక్తంలో షుగర్ 412. మూత్రంలోనూ ఉంది, కీటోన్లు లేవు. కుక్కల కిడ్నీలు రక్తంలో షుగర్ సుమారు 180 నుంచి 220 దాటేదాకా దాన్ని మూత్రంలోకి వదలవు. రెండు చోట్లా కనిపించిందంటే రోగం ఖాయం. ఒక్క రక్తం చూసి తేల్చను. భయపడిన జంతువుకూ షుగర్ పెరుగుతుంది, పిల్లుల్లో మరీను. అనుమానం మిగిలితే ఫ్రక్టోసమీన్ పరీక్ష ఉంది, గత రెండు మూడు వారాల సంగతి చెబుతుంది. షుగర్ ఉన్న మూత్రంలో సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి కాబట్టి ఆ ఇన్‌ఫెక్షన్ కూడా వెతకాలి. దాన్ని వదిలేసి ఇన్సులిన్ ఎంత పెంచినా షుగర్ లొంగదు.

గార్డుగారు అంతా విని జేబులోంచి మాత్రల అట్ట తీశారు. "నాను ఏసుకున్నదే దీనికీ సగం ఎయ్‌మంటారా?"

ఇక్కడే మనిషి దారీ కుక్క దారీ వేరవుతాయి. ఆయనది టైప్ 2. క్లోమం ఇంకా ఇన్సులిన్ చేస్తూనే ఉంది, శరీరం దాని మాట వినడంలేదు. మాత్రలు ఆ వ్యవహారాన్ని సర్దుతాయి. కుక్కల్లో చాలావరకు ఇన్సులిన్ చేసే కణాలే నాశనమైపోతాయి. లేని కణాలను ఏ మాత్ర పని చేయిస్తుంది? కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, మెంతులు కూడా అంతే. కాకరకాయ రసం మీద నమ్మకంతో మూడు వారాలు గడిపి, నాలుగో వారం వాంతులతో, నోట్లోంచి నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనతో కుక్కను ఎత్తుకొచ్చినవాళ్ళున్నారు. అది కీటోఅసిడోసిస్. అప్పుడిక సెలైన్, గంటగంటకూ రక్తపరీక్ష, రాత్రంతా జాగారం. అన్నీ బతకవు.

ఆ కణాలు నాశనం కావడానికి తీపికంటే కొవ్వు దగ్గరి దారి. ఆదివారం మటన్ వండినప్పుడు పక్కకు తీసిన కొవ్వు, పూజ రోజుల్లో కొషా మాంసం అడుగున మిగిలిన నూనె అన్నంలో కలిపి కుక్కకు పెడతారు. క్లోమం వాస్తుంది. రెండు మూడుసార్లు వాచిందంటే దానితోపాటు ఇన్సులిన్ కణాలూ పోవచ్చు. దురదకు పదేపదే వేయించే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు షుగర్‌కు ఇంకో దారి. రోజూ టీతో పెట్టే థిన్ అరారూట్ బిస్కట్లు కుక్కను లావు చేస్తాయి, మంచివని అనను. నిందంతా వాటి మీదే వేయడం మాత్రం అన్యాయం.

రాణికి ఇన్సులిన్ మొదలుపెట్టాం. కిలోకు పావు యూనిట్ చొప్పున 2 యూనిట్లు, 12 గంటలకోసారి, తిన్న తర్వాత. సూది వేయడం తనకు నేర్పక్కర్లేదని గార్డుగారు అనుకున్నారు. నేర్పాల్సొచ్చింది. మనుషులు పొట్టలో గుచ్చుకుంటారు, కుక్కకు వీపు మీద వదులు చర్మాన్ని రెండు వేళ్ళతో గుడారంలా లేపి దాని మొదట్లో గుచ్చాలి. స్పిట్జ్ బొచ్చులో సూది అటు పొడుచుకొచ్చి మందంతా బయటే పోతుంది. అందుకే సూది తీశాక ఆ చోట చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడమంటాను, చెయ్యి వాసన చూడమంటాను. తడి తగిలినా రెండోసారి మాత్రం పొడవొద్దు. ఎంత లోపలికి పోయిందో తెలియదు కదా. ఒక పూట తక్కువ పడితే కుక్కకు ఏమీ కాదు, ఎక్కువ పడితే ప్రాణం మీదికొస్తుంది. భర్త ఇచ్చింది తెలియక భార్య మళ్ళీ ఇచ్చిన ఇళ్ళున్నాయి. ఫ్రిజ్ తలుపుకు తెలుగు క్యాలెండర్ వేలాడదీసి, తిథి పక్కనే టిక్కు పెట్టండని చెబుతాను. వానాకాలంలో కార్ షెడ్ దగ్గర పట్టాలు మునిగి లోకల్స్ ఆగిపోతే సూది వేసే మనిషి ఎక్కడో చిక్కుకుపోతాడు. గంటా రెండు గంటలు ఆలస్యమైతే ఫర్వాలేదు. మరీ పొద్దుపోతే ఆ పూట వదిలేసి మర్నాడు మామూలు వేళకు వేయాలి గానీ రెండూ కలిపి వేయకూడదు.

సిరంజి గురించి మాత్రం ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మన దేశంలో సీసాల్లో దొరికే మామూలు ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జి 100 యూనిట్లు, ఆ బలానికి సరిపోయే సిరంజి నారింజ మూతది. కాళీపూజ రాత్రి ఒక ఇంట్లో కుక్క సీసా అయిపోయింది. తాతగారి పెన్ను కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో 8 గీత దాకా లాగి 30 కిలోల లాబ్రడార్‌కు వేశారు. గీత 8 అన్నా లోపలికి పోయింది 20 యూనిట్లు. బయట టపాకాయలు, లోపల కుక్క వణుకుతూ గోడకు తల ఆనించింది. టపాకాయల భయమనుకున్నారు. మనవరాలు ఒక్కతే ఫోన్ చేసింది, "అంకుల్, బుజ్జి నడుస్తుంటే కాళ్ళు తడబడుతున్నాయి" అని. చక్కెర నీళ్ళు చిగుళ్ళకు పూస్తూ తీసుకురమ్మన్నాను. నోట్లో పోయొద్దు, స్పృహ సరిగా లేని కుక్కకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వచ్చాక నరంలోకి డెక్స్‌ట్రోజ్ ఎక్కించి తెల్లారేదాకా కూర్చున్నాం. బుజ్జి బతికింది.

షుగర్ పడిపోవడానికి ఇంకో దొంగదారి ఉంది. చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో, మిఠాయిల్లో కొన్నిటికి జైలిటాల్ వేస్తారు. మనిషికి ఇబ్బంది లేదు. కుక్కలో అది ఒక్కసారిగా ఇన్సులిన్ ఉబికొచ్చేలా చేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. షుగర్ కుక్కకు షుగర్ లేని చాక్లెట్ పెట్టడం తెలివైన పనే అనిపిస్తుంది. అందుకే ముందే హెచ్చరిస్తాను.

గ్లూకోమీటరుదీ ఇదే తంతు. మనుషుల మీటరు కుక్క రక్తంలో షుగర్‌ని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మన రక్తంలో షుగర్‌లో మంచి వాటా ఎర్రకణాల్లో ఉంటుంది, కుక్క రక్తంలో అది దాదాపుగా ప్లాస్మాలోనే. మీటరు లోపలి లెక్క మనిషి లెక్క. చెవి అంచున గుచ్చి 68 చూసి హడలిపోయేవాళ్ళకు ముందు కుక్కను చూడండంటాను. తోక ఊపుతూ గిన్నె నాకుతుంటే ఆ 68 అసలు 68 కాకపోవచ్చు. రెండోవైపు, 220 చూసి గాభరాపడతారు. "నాకంత ఉంటే డాక్టరు తిట్టీవోరు" అన్నారు గార్డుగారు. మనిషి షుగర్‌తో ముప్ఫై ఏళ్ళు బతకాలి, కిడ్నీ, గుండె, పాదాలు అన్నీ కాచుకోవాలి. కుక్కకు మిగిలింది నాలుగైదేళ్ళు, ఆ నష్టాలు దాని దాకా రావడం అరుదు. రోజులో ఎక్కువ భాగం 250 లోపు ఉండి, దాహం తగ్గి, బరువు నిలబడితే నాకు చాలు. షుగర్ పెరిగిందని కాదు, పడిపోయిందని భయపడండి అంటాను. వాళ్ళ డాక్టరు వాళ్ళకు చెప్పినదానికి ఇది తలకిందులుగా వినిపిస్తుందని నాకు తెలుసు.

కన్ను మాత్రం దక్కడం కష్టం. షుగర్ వచ్చిన ఏడాదిలోపే ఎక్కువ కుక్కలకు శుక్లం కమ్ముతుంది. కంటి కటకంలోకి చేరిన షుగర్ సార్బిటాల్‌గా మారి, నీళ్ళు పీల్చి, కటకాన్ని ఉబ్బించి తెల్లబరుస్తుంది. కొందరు అసలు కంటి కోసమే వస్తారు. "కళ్ళలో పాలపొర" అంటూ తెచ్చిన కుక్క మూత్రం చూస్తే అసలు జబ్బు బయటపడుతుంది. ఇంట్లో మంచం, బల్ల జరపకుండా ఉంచితే కుక్క ముక్కుతో బండి లాగించేస్తుంది.

గార్డుగారు అడిగారోసారి, ఈ ఇన్సులిన్ కుక్కలదా, మనుషులదా అని. మనుషులదే కుక్కకు వాడుతున్నాం. కుక్క ఇన్సులిన్‌కు అచ్చు నకలు పందిది, మనిషిది ఒక్క అమైనో ఆమ్లంలో తేడా. అసలు లెక్కకొస్తే అప్పు మనదే. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ కుక్క క్లోమం తీసేస్తే దానికి షుగర్ వచ్చింది. రోగం మూలం ఎక్కడో అప్పుడు తెలిసింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమంలోంచి తీసిన రసాన్ని ముందు ఎక్కించింది కుక్కలకే. మరుసటి ఏడు జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే కుర్రాడికి. ఆయన ఇదంతా విని రాణి తల నిమిరారు. అది పట్టించుకోలేదు, బిస్కట్ డబ్బా వైపు చూస్తోంది.

రాణి విషయంలో నేను అడిగిన ప్రశ్న ఇంకోటుంది: ఆఖరిసారి ఎదకొచ్చిందెప్పుడు? రెండు నెలల కిందట. ఎద తర్వాత వారాల్లో ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది, దాని ప్రభావంతో స్తనగ్రంథుల్లోంచే గ్రోత్ హార్మోన్ ఊరుతుంది, ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు. ఆడకుక్కల్లో షుగర్ ఎక్కువ కావడానికి ఇదో కారణం. ఇన్సులిన్ కణాలు పూర్తిగా అలిసిపోకముందే గర్భసంచి, అండాశయాలు తీసేస్తే కొన్నిటికి షుగర్ పూర్తిగా వెనక్కి పోతుంది. అన్నిటికీ పోదు. ఆ మాట ముందే చెప్పి, షుగర్ కాస్త అదుపులోకి రాగానే ఆపరేషన్ చేశాను.

ఆ తర్వాత నోటుబుక్కే దారి చూపింది. 300, 240, 170, అలా దిగుతూ 95. డోసు 2 నుంచి 1కి, ఆపైన సున్నాకు. పాత డోసే వేసుకుంటూ పోయుంటే బుజ్జిలాంటి రాత్రి ఈ ఇంట్లోనూ వచ్చేది. గార్డుగారికి అలవాటైన రాత ఇక్కడ అక్కరకొచ్చింది.

ఇన్సులిన్ ఆపేశామని చెప్పిన రోజు ఆయన కాసేపు ఆలోచించి, "దానికి గర్భసంచి తీసీగానే పోయింది. మరి నాకు తియ్యడానికేటుంది బాబూ?" అన్నారు.

"నాలిక" అన్నారు ఆయన భార్య.

రాణి మూత్రం నెలకోసారి స్ట్రిప్‌తో చూస్తున్నాం. ఇప్పటిదాకా షుగర్ లేదు. ఆయన మాత్రం మాత్రల నుంచి సూదికి మారారు, ఎర్ర మూతదే.