పాలమూరు రైలు దారి... చక్రానికి పట్టు ఎక్కడిది?

కాచిగూడలో కర్నూలు వైపు వెళ్లే రైలెక్కండి. కిటికీ సీటు దొరికితే ఫోన్ కాసేపు జేబులో పెట్టేయండి. షాద్‌నగర్ దాటాక ఎర్ర చెలకలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్లు, నడుమ తాటిచెట్లు. మధ్యలో వచ్చే బాలానగర్ పేరు పండ్ల బండి దగ్గర వినే ఉంటారు. 'బాలానగర్' రకం సీతాఫలానికి పేరిచ్చిన ఊరు ఇదే.

ఆ తర్వాత జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, వనపర్తి రోడ్. కృష్ణ వంతెన దాటితే గద్వాల. నేల చదునుగా కనిపిస్తుంది కానీ కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంటే, గద్వాల 325 మీటర్ల దగ్గరుంది. అంటే పోయేటప్పుడు మొత్తమ్మీద దిగుడు, తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు.

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం. రోడ్డు మీద రబ్బరు టైరుకుండే పట్టులో సగం కూడా ఉండదు. వాన పడితే ఇంకా తక్కువ. మరి అన్ని పెట్టెల్ని ఎక్కుడులో ఎలా లాగుతుంది? ఇంజన్ బరువే సగం జవాబు. మిగతాది ఇసుక! ఇంజన్‌లో ఇసుక పెట్టెలుంటాయి. చక్రం జారితే డ్రైవర్ గాలి ఒత్తిడితో పట్టాల మీద ఇసుక చల్లుతాడు. ఆవిరి ఇంజన్ల కాలం నుంచీ ఇదే ఉపాయం.

ఈ దారి 1990ల దాకా మీటర్ గేజ్. పట్టాల మధ్య దూరం ఒక్క మీటరే. ఇప్పుడది 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్. ఆ చిన్న రైళ్లు ఈ దారిలో ఇక రావు. వాటి లాంటివి ఇంట్లో కదులుతుండగా చూడాలంటే బొమ్మ రైళ్లున్నాయి.

మీ ఇంట్లో అటక మీద హార్న్‌బీ, లీమా లాంటి పాత మోడల్ ఇంజన్ ఉందా? కరెంటు ఇస్తే చక్రాలు గిర్రున తిరిగి, బండి మాత్రం కదలకపోతే పారేయకండి. ఇసుక చల్లే వీల్లేని ఆ చిన్న ఇంజన్లలో చాలావాటికి ఒకటి రెండు చక్రాల మీద సన్నని గాడి, అందులో రబ్బరు రింగు ఉంటాయి. ఏళ్లు గడిస్తే ఆ రబ్బరు గట్టిపడి పగులుతుంది, లేదా సాగి వదులవుతుంది. మార్చాల్సింది ఆ రింగునే.

పాతదాన్ని పుల్లతో లేపి తీసేయండి. గాడిలోని జిగటను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. చక్రానికి సరిపోయే, కొంచెం బిగుతుగా కూర్చునే రింగే కొనండి. ఒకవైపు తగిలించి చుట్టూ జరుపుతూ ఎక్కించాలి, మెలిక పడకూడదు. కడ్డీలు అడ్డొస్తే స్క్రూ వదులు చేయండి. చక్రాన్ని మాత్రం ఇరుసు నుంచి లాగొద్దు. రెండు వైపుల చక్రాల లెక్క తప్పితే ఇంజన్ బిగుసుకుపోతుంది. జిగురు వేయొద్దు, నూనె అసలే వద్దు. రబ్బరులోంచి కరెంటు పారదు కాబట్టే అన్ని చక్రాలకూ రింగులుండవు. రింగు లేని చక్రాలను కూడా శుభ్రం చేయండి.

ఇది మన ఊళ్లకు కొత్త విద్యేం కాదు. ఎడ్లబండి గీరకు కమ్మరి ఇనుప పట్టా ఎక్కించేదీ ఇలాగే. మంటలో కాలిస్తే పట్టా వ్యాకోచిస్తుంది, చెక్క చక్రం మీద దించి నీళ్లు పోస్తే బిగుసుకుంటుంది. ఆవిరి ఇంజన్ చక్రాలకు ఉక్కు టైర్లు తొడిగిందీ వేడి చేసే. అరిగితే టైరు మార్చేవాళ్లు, చక్రం అలాగే ఉండేది.

మహబూబ్‌నగర్‌లో దిగితే పిల్లలమర్రి చూడకుండా రాకండి. దాదాపు 700 ఏళ్ల చెట్టంటారు. చెదలు పట్టి ప్రమాదంలో పడితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించారు. ఇప్పటికీ నిలబడే ఉంది. పాతవి వాటంతటవే బతకవు. ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చోవాలి. అటక మీది ఇంజన్‌కైతే ఒక ఆదివారం, ఒక రబ్బరు రింగు చాలు.