పైపులో మిగిలిన గాలి

మాది ఉట్నూర్. బాపుకి చిన్న వెల్డింగ్ షెడ్డు ఉంది. మొన్న సెలవుల్లో ట్రాలీ రేకుకి రంధ్రాలు వేస్తానని ఎయిర్ డ్రిల్ తీసుకున్నాను. బిట్ మార్చాలని కంప్రెషర్ వాల్వ్ బంద్ చేసి చక్ పట్టుకున్నాను. ఇంకో చేతి వేలు ట్రిగ్గర్ మీద పడింది. బిట్ గిర్రున తిరిగి గ్లౌజు చిరిగింది. నా వేలు దక్కింది.

బాపు తిట్టలేదు. కొన లేని తన చూపుడు వేలు చూపించి, "గాలి బంద్ చేస్తే అయిపోయిందనుకున్నవా బిడ్డా? పైపుల ఇంక ఉంటది" అన్నాడు. ఆ వేలు ఎట్ల పోయిందో నేనెప్పుడూ అడగలేదు.

మా షెడ్డులో గాలి 90 పీఎస్ఐ. కారు టైరులో ఉండేదానికి దాదాపు మూడింతలు. అందుకే వాల్వ్ కట్టాక ట్రిగ్గర్ నొక్కి మిగిలిన గాలి వదలాలి, పైపు ఊడదీయాలి, అప్పుడే బిట్ ముట్టుకోవాలి. తిరిగే డ్రిల్ దగ్గర గ్లౌజులు వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి. రేకును క్లాంపుతో బిగించాలి. ఒంటి మీది దుమ్ము ఆ గాలితో ఊదుకోవద్దు.

ఇవన్నీ ఫస్టియర్ వర్క్‌షాప్ రికార్డులో ఇంగ్లిష్‌లో రాసినవే. మర్నాడు షెడ్డు గోడ మీద చాక్‌పీసుతో తెలుగులో రాశాను. ఒత్తులు తప్పు పోతే బాపే దిద్దాడు.