జోషాందా – కషాయం

జలుబు చేసిన మనిషికి ఊరంతా వైద్యులే. అధ్యాపకుల గదిలో ఎవరైనా ఒకమారు తుమ్మితే చాలు, ఉర్దూ శాఖవారు జోషాందా తాగమంటారు. తెలుగు శాఖవారు శొంఠి, మిరియాల కషాయానికి సాటి లేదంటారు. జోషాందాతో పెరిగి తెలుగు బోధిస్తున్న మేము ఏ పక్షాన నిలువగలం?

మా దాదీమా అత్తారు దుకాణం నుండి తెప్పించిన పొట్లంలో ఉన్నాబు, సపిస్తాన్, బనఫ్షా, ములేఠీ ఉండేవి. వాటిని రాత్రి నానబెట్టి, ఉదయం సగానికి మరిగించి, పలుచని గుడ్డతో వడగట్టి, పటికబెల్లం కలిపి ఇచ్చేది. ఆ పేర్లకు తెలుగు వెదకిననాడు మేము విస్మయం చెందాము. ఉన్నాబు మన రేగుపండుకు దగ్గరి చుట్టం. సపిస్తాన్ మన విరిగి కాయ. ములేఠీ సాక్షాత్తు అతిమధురం. బనఫ్షా ఒక్కటే చలికొండల పూవు. పారసీలో జోషీదన్ అనగా మరగడం. కాచి దించినది గనుకనే అది జోషాందా. ఇక వివాదమెక్కడ? 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్ సీసాలో నీలగిరి తైలం, కర్పూరం, వాము పువ్వు కలిసే ఉన్నాయి. ఆ సీసా ఏ మతంవారి గూటిలో లేదు గనుక!

అయితే ఇవేవీ జలుబును పోగొట్టవు. అది వైరస్ వల్ల వచ్చి, వారం పది రోజులలో తనంత తానే పోతుంది. ముక్కు మూసుకొనిపోవడానికి చీమిడి కన్న లోపలి పొరలోని రక్తనాళాల ఉబ్బు ముఖ్య కారణం. పుదీనా పువ్వు ఆ ఉబ్బును తీయదు. చల్లదనం తెలిపే నరాలను తట్టి గాలి ఆడుతున్నట్లు తోపింపజేస్తుంది. 2008లో కార్డిఫ్ విశ్వవిద్యాలయంవారి పరీక్షలో వేడి పానీయం తాగినవారి ముక్కులో గాలి ప్రవాహం పెరగలేదు, కాని బాధ మాత్రం తగ్గింది. దాదీమా ఓడిపోయిందని మేము అనుకోము. రోగికి కావలసినదీ అదే కదా.

కాని ఎగశ్వాస పెట్టే పసిబిడ్డకు మూడు రోజులు కషాయం పోస్తూ కూర్చున్న తల్లిని మేమెరుగుదుము. ఆ బిడ్డ బ్రతికినది ఆసుపత్రిలో. డొక్కలు ఎగురుతుంటే, జ్వరం విడవకుంటే పొయ్యి ఆర్పి డాక్టరు వద్దకు పరుగెత్తవలసిందే. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు; రెండేళ్ళలోపువారికి కర్పూరం పూయరాదు. రక్తపోటు గలవారు అతిమధురాన్ని రోజుల తరబడి వాడరాదు. ఆవిరి పట్టే గిన్నెను పిల్లల చేతికి అందనిచోట ఉంచాలి.