మొరం బాట

ఉట్నూరు సంతలో నా సైకిలు ఆపితే చాలు, నలుగురు చుట్టూ చేరుతారు. దాని హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. టైర్లు 40 మిల్లీమీటర్ల వెడల్పు. ధర అడుగుతారు. నిజం చెప్తే "గా పైసలకు పాత మోటరు సైకిలే వస్తుండె గద సార్" అంటారు. అందుకే ఇప్పుడు సగమే చెప్తున్నాను. కొన్నది కూడా కొత్తది కాదు, హైదరాబాదులో ఒకాయన రెండేళ్లు తొక్కి వదిలేసింది.

దీన్ని గ్రావెల్ బైక్ అంటారు. గ్రావెల్ అంటే మన మొరమే. తారు మీద బాగానే పోతుంది, తారు అయిపోయిన తర్వాత కూడా ఆగకుండా పోతుంది. దాని గొప్పంతా అంతే. మొదట్లో నాకు తెలియక టైర్లలో గాలి బిర్రుగా కొట్టించేవాణ్ని. మొరం మీద చక్రం ఎగిరెగిరి పడేది, బడికి చేరేసరికి మణికట్లు వాచిపోయేవి. గాలి కొంచెం తగ్గిస్తే టైరు రాళ్లను పట్టుకుంటూ పోతుందని చాలా రోజులకు తెలిసింది. గట్టున నడవడం వేరు, రేగడిలో నడవడం వేరు. అది సైకిలుకూ పనికొస్తుంది. వానాకాలం రేగడిలోకి దిగితే మాత్రం ఏ టైరూ పనిచేయదు. మట్టి చక్రానికీ ఫోర్కుకూ మధ్య పట్టేసి చక్రం తిరగదు. అప్పుడు సైకిలు మనల్ని మోయదు, మనమే దాన్ని భుజాన వేసుకోవాలి. నా సంచిలో పంక్చరు సామానుతో పాటు మట్టి గీకడానికి ఒక వెదురు పుల్ల ఎప్పుడూ ఉంటుంది.

నేను తిరిగే దారులు నేను కనిపెట్టినవి కావు. దీపావళి ముందు దండారి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే బాటలు అవి. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు, వెనక డప్పులు, ఆ వెనక పిల్లలు. చిన్నప్పుడు ఆ గుంపు వెనక నడిచిన మలుపులే ఇప్పుడు తొక్కుతుంటే కాళ్లకు గుర్తొస్తాయి. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశం వాళ్లు కేస్లాపూర్ నుంచి చెప్పులు లేకుండా నడిచి హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్లు తెస్తారు. అంత దూరం వట్టి కాళ్లతో నడిచేవాళ్ల ముందు నా 40 మిల్లీమీటర్ల టైర్ల గురించి మాట్లాడాలంటే సిగ్గేస్తుంది. 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు యువకులకు పంతుళ్ల శిక్షణ మొదలైంది. పలకలు, పుస్తకాలు పట్టుకొని ఆ మొదటి తరం పంతుళ్లు గూడేలకు ఏ బాటన వెళ్లి ఉంటారోనని ప్రతి వాగు దగ్గరా అనుకుంటాను.

పోయిన మార్చిలో నగరం నుంచి నలుగురు వచ్చారు. తారు లేని దారి చూపించమన్నారు. కవ్వాల్ అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా పోకూడదని ముందే చెప్పి, హద్దుకు బయట మా చిన్నమ్మ వాళ్ల గూడెం వైపు తీసుకెళ్లాను. టేకు ఆకులు రాలి బాటంతా చప్పుడు. ఇప్పపువ్వు వాసన. మోదుగులు ఎర్రగా ఉన్నాయి. వాగు ఎండిపోయి ఉంది, ఇసుకలో దిగి తోసుకుంటూ దాటారు. వాళ్ల సంతోషం చూస్తే నాకూ గర్వమనిపించింది. అటు ఒడ్డున నిలబడి వాళ్లలో ఒకాయన అన్నాడు: "సార్, ఇక్కడ మాత్రం రోడ్డు వేయనివ్వకండి. పాడైపోతుంది."

నేనేమీ అనలేదు. ఆయన నిలబడిన చోటు నాకు తెలుసు. పదకొండేళ్ల కింద శ్రావణంలో నొప్పులొస్తే మా చిన్నమ్మ కోడలిని మంచం మీద మోసుకొచ్చింది అక్కడికే. వాగు నిండుగా ఉంది. అంబులెన్స్ ఇటు ఒడ్డున దీపం వెలిగించుకొని నిలబడింది. నీళ్లు దిగేసరికి తెల్లారింది. వదిన బతికింది, బిడ్డ బతకలేదు. ఆ బిడ్డను పాతిన చోటు పక్కనే ఆ రోజు నాలుగు సైకిళ్లు చెట్లకు ఆనించి ఉన్నాయి.

చిన్నమ్మ వాళ్లకు నీళ్లిచ్చి, నన్ను పక్కకు పిలిచి గోండిలో అడిగింది, వీళ్ల ఊళ్లో రోడ్లు లేవా అని. ఉన్నాయన్నాను. మరి ఇంత దూరం చెడ్డ దారి వెతుక్కుంటూ ఎందుకొచ్చారంది. మంచి రోడ్డు మీద విసుగొస్తుందట అన్నాను. నవ్వింది. "మన దగ్గర రోడ్డు పడితే మళ్ల రారా?" "రారేమో." "రాకుంటే ఏమైతది?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ ఆట ఎక్కడిదో చదివాను. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న పట్టణం ఉంది. 2006 నుంచి అక్కడి గుట్టల్లో మొరం దారుల మీద 200 మైళ్ల సైకిలు పందెం జరుగుతోంది. ఆ గుట్టల్లో చెకుముకి రాళ్లు టైర్లను కోసేస్తాయట. ఆ నేల కాంజా తెగ వాళ్లది. ఆ రాష్ట్రానికి పేరే వాళ్ల నుంచి వచ్చింది. 1873లో వాళ్లను అక్కడి నుంచి ఇప్పటి ఓక్లహామాకు పంపించేశారు. పందానికి మాత్రం ఆ తెగ పేరే పెట్టి, ముందు 'మురికి' అనే మాట తగిలించారు. అభ్యంతరాలు వచ్చాక 2020లో పేరు మార్చారు. మనుషులు పోయి, పేరు మిగిలి, దాని మీద సైకిళ్లు తిరగడం. ఇది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అడవిలో రోడ్డు కుదరదని ఎవరైనా అనగానే మనం తల ఊపి వచ్చేస్తాం. నేనూ అట్లాగే వచ్చాను, రెండుసార్లు. కానీ 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) ఉంది. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రోడ్డు వంటి 13 అవసరాలకు అటవీ భూమి ఇవ్వవచ్చు. ఒక్కోదానికి హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. మరి మా బాట ఎంత?

సైకిలుకు దూరం కొలిచే చిన్న మీటరుంది. ఎనిమిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకొని మూడుసార్లు నడిపించి కొలిచాను. 2,300 మీటర్లు. నాలుగు మీటర్ల వెడల్పు అనుకుంటే 9,200 చదరపు మీటర్లు. హెక్టారంటే 10,000. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కని వైశాల్యం ఆ రోజు అందరికీ వచ్చింది. తర్వాత చెట్లు లెక్కపెట్టారు. 57 వచ్చాయి. అందులో నాలుగు ఇప్పచెట్లు. అవి కొడితే మా నాయనమ్మ ఊరుకోదు సార్ అని ఒక పిల్ల అడ్డం పడింది. సరే, అక్కడ దారిని వంచాం. 60 మీటర్లు పెరిగింది. పిల్లలే మళ్లీ గుణించి 9,440 అన్నారు. ఇంకా హెక్టారు లోపే.

గ్రామసభలో పటేల్ ఆ కాగితం చదివించుకొని, వంపు ఎందుకని అడిగాడు. ఇప్పచెట్లని చెప్తే ఇంకేమీ అడగకుండా వేలిముద్ర వేశాడు. తీర్మానం, పిల్లలు గీసిన పటం జతచేసి పంపించాం.

దారి ఫోన్‌లో నమోదై ఉంది, కానీ ఎవరికీ పంపలేదు. ఇక్కడ కూడా గూడెం పేరు రాయడం లేదు. ఇది సరైనదో కాదో నాకు ఇంకా తేలలేదు. నగరం వాళ్లు మంచివాళ్లే, వెళ్లేటప్పుడు బడికి పటాలు, రంగులు కొనిచ్చారు. వాళ్లను చూసి ఇద్దరు పిల్లలు సైకిలు బాగుచేయడం నేర్చుకుంటామంటున్నారు. రోడ్డు పడినా అడవిలో ఇంకా బాటలు ఉంటాయి కదా అని ఒకసారి అనుకుంటాను. తారు వెంట ఏమేం వస్తాయో అని ఇంకోసారి అనుకుంటాను. వాగులో నీళ్లు చూసినప్పుడు మాత్రం ఈ రెండూ గుర్తుకురావు.

కాగితం పంపి మూడు నెలలైంది. మొన్న ఆదివారం ఆ నలుగురిలో ఒకాయన ఫోన్ చేశాడు. చలికాలంలో మళ్లీ వస్తామన్నాడు. ఆ దారి ఇంకా అట్లాగే ఉందా అని అడిగాడు.

"అట్లాగే ఉంది" అన్నాను.

"హమ్మయ్య" అన్నాడు.