మాల వేసుకున్న మూడో రోజు

నవంబరు 19

రాత్రి పదింటికి ఆటోలో తెచ్చారు. నలభై ఏళ్ల మేస్త్రీ. నల్ల పంచె, మెడలో తులసి మాల. నిన్న ఫిట్స్ వచ్చాయట, ఈ రోజు ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టడం లేదు. దుప్పటి మీద లేని చీమలను వేళ్లతో ఏరి పారేస్తున్నాడు.

"నియమం తప్పిండేమో బిడ్డా, దేవునికి కోపమొచ్చింది" అని తల్లి ఒకటే ఏడుపు.

దేవుడి కోపం కాదమ్మా అని చెప్పాను. ఏళ్ల తరబడి రోజూ మందు పడితే, ఆ మత్తులోనూ పనిచేయడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా మానేస్తే ఆ వేగానికి పగ్గం ఉండదు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. లోరాజెపామ్ ఇచ్చాం. గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ ఎక్కించాం.

నవంబరు 23

తెలివొచ్చింది. భార్య నన్ను వరండాలోకి పిలిచింది.

"పోయినేడు 41 రోజులు చుక్క ముట్టలే సిస్టర్. మాల తీసిన తెల్లారే మొదలుపెట్టిండు. మనసుంటే ఆగుతడు కదా? మేమంటేనే లెక్కలేదు."

ఆ 41 రోజులూ తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, ఊరంతా 'స్వామీ' అని పిలుపు. బెల్టు షాపు స్నేహితులు కూడా రమ్మనరు. మాలతోపాటు ఆ రక్షణంతా తొలగిపోయింది, జబ్బు మిగిలింది. మానడం, మళ్లీ మొదలెట్టడం జరిగేకొద్దీ ఫిట్స్ ముప్పు పెరుగుతుంది కూడా. ఈసారి జరిగింది అదే.

"మరి నన్ను కొట్టింది గూడ రోగమేనా?"

కాదు. దానికి అతనే జవాబు చెప్పాలి. చెప్పగలిగే మనిషిగా నిలబడాలంటే ముందు వైద్యం జరగాలి. ఆమె తలూపలేదు, నేను ఒత్తిడి చేయలేదు.

డిసెంబరు 4

డిశ్చార్జి. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే స్థితులను మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. కేంద్రం 2019లో వెలువరించిన సర్వే ప్రకారం మద్యం సమస్యకు సాయం కావలసినవారు 5.7 కోట్ల మంది. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మందీ 'తాగుబోతు' అనే మాట పడుతూ ఇళ్లలోనే ఉన్నారు. సిగ్గుతో ఆసుపత్రి గడప తొక్కరు, ఎవరూ తీసుకురారు.

జనవరి 20

కనుమ నాడు తాగాడట. భార్య చెప్పేలోపే తానే చెప్పాడు. "నాలుగు రోజులాయె, మల్లీ ఆగుతలేదు. అందుకే వచ్చిన" అన్నాడు. పోయినసారి ఆటోలో మోసుకొచ్చారు, ఈసారి తన కాళ్ల మీద వచ్చాడు. ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే. డాక్టరుగారు కసరలేదు, మాత్రలు మార్చి రాశారు.

వచ్చే కార్తీకానికి ముందే వాళ్ల ఊరి గురుస్వామిని కలవాలి. రోజూ తాగే అలవాటున్నవాళ్లు మాలకొస్తే, ముందు మా దగ్గరికి పంపమని అడగాలి. వారం పది రోజులు వైద్యుల కనుసన్నల్లో మాన్పించి పంపుతాం, ఆ తర్వాత నిశ్చింతగా మాల వేసుకోవచ్చు.