నాలుగు ముఖాల్లో ఏది?

మా తాతది ఒకటే ఫోటో ఉంది. చార్మినార్ ముందు తాత, ఆయన చెయ్యి పట్టుకుని ఆరేళ్ల బాపు. వెనక కమాను, పైన గడియారం. బాపుకి ఒక కన్ను ఇప్పటికే మసక, రెండోదీ అదే దారిలో ఉంది. మొన్న అడిగాడు: "గదే జాగల నన్ను నిలబెట్టి ఒక ఫోటో తియ్యి బిడ్డా."

రెండు బొమ్మల్లో ఒకే చోటుని కంప్యూటర్‌తో గుర్తుపట్టించడమే నా ఉద్యోగం. ఇంట్లోవాళ్లకి ఇన్నాళ్లకి పనికొస్తున్నాను అనుకున్నా. ఆదివారం పొద్దున్నే, షాపులు తెరవకముందే వెళ్లి నాలుగు ముఖాలూ తీసుకొచ్చాను.

వాడింది సిఫ్ట్. 1999లో డేవిడ్ లో చేసిన పద్ధతి. బొమ్మలో మూలలు, మచ్చలు లాంటి గుర్తుల్ని ఏరి, ఒక్కోదాని చుట్టూ వెలుగునీడలు ఎటు మారుతున్నాయో అంకెల్లో రాసుకుంటుంది. రెండో బొమ్మలో దగ్గరి జోడీ వెతుకుతుంది. మొదటి జోడీకీ రెండో జోడీకీ పెద్ద తేడా లేకపోతే అనుమానించి పారేస్తాం. చార్మినార్ దగ్గర ఇది ఘోరం. ఎడమ మినార్‌కి కుడి మినార్ పోటీ, ఒక చిన్న కమానుకి పక్క కమాను పోటీ. సరైన జోడీలే ముందు చెత్తబుట్టలోకి పోయాయి.

మిగిలినవాటితో రాన్సాక్ నడిపాను. అదొక రకం ఓటింగు: నాలుగు జోడీలు తీసుకుని హోమోగ్రఫీ కట్టి, ఎన్ని గుర్తులు దానికి ఒప్పుకుంటాయో లెక్కపెట్టడం. నాలుగు ముఖాలకీ దాదాపు ఒకే ఓట్లు! 1591లో కట్టినవాళ్లు అన్ని వైపులా ఒకేలా కట్టారు, 1889లో గడియారాలు కూడా నాలుగు వైపులా పెట్టారు. ఏ వైపో చెప్పగలిగే షాపు బోర్డులు, కరెంటు స్తంభాలు ఇప్పుడు లేవు. ఉన్నవేమో వైపు చెప్పవు.

రాత్రి బాపు స్క్రీన్‌కి ముక్కు ఆనించి చూశాడు.

"గడియారం సూడు. ఐదుకు పది తక్కువ. నా కండ్లు సూడు, ఎండకు ఎట్ల చికిలించిన్నో."

అంటే సాయంత్రం, సూర్యుడు ఎదురుగా. వెనక ఉన్నది పడమటి ముఖం.

"గడియారం ఆగిపోయి ఉంటే?"

"తాత చేతిల పొట్లం సూడలె? మా అమ్మకు గాజులు."

చుట్టిన పేపరనుకున్నాను నేను. ఇన్నేళ్లూ.

లాడ్ బజార్ వైపే. సాయంత్రం తీసుకెళ్లి నిలబెట్టాను. ఆటోవాళ్లు హారన్ కొడుతూనే ఉన్నారు, బాపు కదల్లేదు. ఇంటికొచ్చి కమాను మీద నాలుగు గుర్తులు చేత్తో పెట్టి పాత బొమ్మని కొత్తదాని మీదికి ఒంచాను. కమాను అచ్చంగా కూర్చుంది. కానీ హోమోగ్రఫీ సరిపోయేది ఒక సమతలానికే. గోడకి ఇంత ముందు నిలబడ్డ తాత ఒక పక్కకి ఒరిగిపోయాడు.

సారీ బాపూ, మనుషులు సరిగ్గా రాలేదు అన్నాను.

"మంచిగనే వచ్చిండు," అన్నాడు. "ఆయనకు ఎడమకాలు జర కుంటు."